బల్బు ఇచ్చేది వేడి ఒక్కటే: పెద్దకోళ్ల మధ్య పిల్లల పెంపకం

పెరట్లో అయిదారు నాటుకోళ్లు తిరిగే ఇంటికి, ప్రభుత్వ పథకం కిందో, బండి మీద ఊరూరా తిరిగి అమ్మేవాళ్ల దగ్గరో ఓ పాతిక కోడిపిల్లలు వస్తాయి. వయసు నాలుగు వారాలు. రెక్కలకు ఈకలు వచ్చేశాయి, చూడ్డానికి హుషారుగానే ఉన్నాయి. పొద్దుగూకేవేళ వాటినీ పెద్దకోళ్లనూ కలిపి ఒకే గూట్లోకి తోలి తలుపు వేస్తారు. తెల్లారి చూస్తే రెండు పిల్లలకు నెత్తిమీద తోలు లేచిపోయి ఉంటుంది, ఇంకోటి మూలన నలిగి చచ్చి ఉంటుంది. పది రోజులు గడిచేసరికి మిగిలినవాటిలో కొన్ని రెక్కలు వేలాడేసి, నెత్తురు కలిసిన రెట్ట వేస్తూ ఒక్కొక్కటే రాలిపోవడం మొదలవుతుంది. "గవర్నమెంటు పిల్లలు నిలవవండీ, మన నాటువే నయం" అనే తీర్పు ఇలాంటి ఇళ్లలోనే పుడుతుంది.

తీర్పు తప్పని కొట్టిపారేయలేం గానీ, కారణం మాత్రం జాతి కాదు. అదే పెరట్లో, అవే పెద్దకోళ్ల మధ్య నాటుపెట్ట పొదిగిన పిల్లలు మూడో రోజు నుంచే తిరుగుతుంటాయి. వాటి జోలికి ఏ కోడీ రాదు. ఆ పిల్లలకు తల్లి ఉంది, పెట్టెలో వచ్చినవాటికి లేదు. తల్లికోడి పిల్లలకు వెచ్చదనం ఇస్తుందని అందరికీ తెలుసు కాబట్టి, తల్లి లేనప్పుడు బల్బు వేలాడదీస్తాం. ఆ తల్లి మంద దగ్గర పిల్లలకు అండగా కూడా నిలుస్తుంది. ఏది తినాలో, ఎప్పుడు దాక్కోవాలో నేర్పుతుంది. పెరటి మట్టిలోని రోగాలకు పిల్లల ఒంటిని కొద్దికొద్దిగా అలవాటు చేస్తుంది. బల్బుకు ఇవేవీ చేతకావు. పెద్దకోళ్లతో కలిపి పిల్లలను పెంచడంలో వచ్చే చావుల్లో ఎక్కువ భాగం ఈ మూడు ఖాళీల దగ్గరే వస్తాయి.

ముందు అండ సంగతి. కోళ్ల గుంపులో ఎవరు ఎవరిని పొడవచ్చో తేల్చే వరుస ఒకటి ఉంటుందని నార్వే శాస్త్రవేత్త తోర్లైఫ్ షెల్డెరుప్-ఎబ్బె 1921లో తన పరిశోధనలో వివరించాడు. పై వరుసలో ఉన్న పెట్ట ముందు తింటుంది, రాత్రి కూర్చునే దండెం మీద మంచి చోటు తీసుకుంటుంది, దారికి అడ్డొచ్చినదాన్ని ఒక్క పోటు పొడుస్తుంది. కింది వరుసది తిరగబడకుండా తప్పుకుంటుంది. వరుస ఒకసారి కుదిరాక మంద ప్రశాంతంగా ఉంటుంది, ఎందుకంటే ప్రతి పూటా కొత్తగా కొట్లాడాల్సిన పని లేదు. కొత్త కోడి వచ్చిందంటే వరుస మళ్లీ తేలాలి. పెద్దకోడి అయితే రెండు మూడు రోజులు కొట్లాడి తన చోటు తాను తేల్చుకుంటుంది. నాలుగు వారాల పిల్ల ఏం తేల్చుకుంటుంది? దానికి లొంగడం కూడా సరిగా తెలియదు. పొడిపించుకున్న పెద్దకోడి తల వంచి పక్కకు జరిగితే పొడిచింది అంతటితో ఆగుతుంది. పిల్ల అరుస్తూ అదే గూట్లో అటూ ఇటూ పరుగులు తీస్తుంది, ఆ పరుగు చూసి మిగతావి కూడా వెంటపడతాయి. నెత్తురు చుక్క కనపడితే ఇక ఆగవు. ఎర్ర రంగు కోళ్లను పొడవడానికే లాగుతుంది.

చాలామంది పుంజును చూసి భయపడతారు గానీ, పుంజు పిల్లలను పెద్దగా పట్టించుకోదు. పోట్లు ఎక్కువగా పెట్టల నుంచే వస్తాయి, అందులోనూ వరుసలో అడుగున ఉన్న పెట్టల నుంచి. తమకన్నా కింద ఇంకొకరు దొరకడం వాటికి అదే మొదటిసారి.

తల్లి వెంట ఉన్న పిల్ల అసలు ఈ వరుసలోకే రాదు. పిల్లలకోడి ఈకలు నిక్కబొడుచుకుని, రెక్కలు నేలకు దించి మీదికొస్తే తనకన్నా పై వరుసలోని పెట్ట కూడా దారి ఇస్తుంది. పొదగడానికి ముందు మందలో దాని స్థానం ఏదైనా సరే, పిల్లలున్నన్ని రోజులూ దానికి ఒక మెట్టు పైన నడుస్తుంది. ఆ నీడలో పిల్లలు ఆరు నుంచి ఎనిమిది వారాలు తిరుగుతాయి. ఆ తర్వాత తల్లే వాటిని పొడిచి తరిమేస్తుంది. చూసేవాళ్లకు జాలేస్తుంది కానీ, అప్పటికి పిల్లలకు ఆ మందలో ఎవరు ఎలాంటివాళ్లో తెలిసిపోయి ఉంటుంది. ఏ పెట్ట మేత తింటుంటే ఎంత దూరంలో నిలబడాలో, ఏ మూల నుంచి తప్పించుకోవాలో వాటికి వచ్చు. వరుసలో అడుగు మెట్టు మీద చేరతాయి, నెత్తురు లేకుండా.

ఒక మినహాయింపు ఉంది. ఒకే పెరట్లో రెండు పెట్టలు ఒకేసారి పిల్లలు చేస్తే ఒకదాని పిల్లలను మరొకటి చంపేదాకా పోవచ్చు. రెండు మూడు రోజుల్లోనే తల్లి తన పిల్లలను గుర్తుపడుతుంది, పరాయి పిల్ల రెక్క కిందికి దూరబోతే ఊరుకోదు. రెండు గంపలు వేరుగా, దూరంగా ఉంచడం తప్ప దీనికి ఉపాయం లేదు.

తిండి నేర్పడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, పిల్లలకోడిని పది నిమిషాలు గమనిస్తే చాలు. చెదపురుగు దొరికితే తాను మింగకుండా ముక్కుతో ఎత్తి కింద పడేస్తుంది, మళ్లీ ఎత్తుతుంది, గొంతులో కొక్‌కొక్‌మని పిలుస్తుంది. పిల్లలు పరుగున వచ్చి లాక్కుంటాయి. ఇది ఊరికే జరిగే అలవాటు కాదని 1996లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. తనకు చేదని తెలిసిన రంగు మేతను పిల్లలు తింటున్నట్టు కనపడితే పెట్ట మంచి మేత దగ్గర ముక్కుతో కొట్టి చూపడం, గీరడం ఎక్కువ చేసింది. హెచ్చరికలో కూడా తేడా ఉంటుంది. పైన గద్ద కనపడితే ఒక కూత, నేల మీద పిల్లి గానీ కుక్క గానీ వస్తే వేరే కూత. గద్ద కూతకు పిల్లలు దొరికిన పొదలోకి దూరి కదలకుండా ఉంటాయి. బల్బు కింద పెరిగిన పిల్ల ఆకాశం వంక తల ఎత్తి చూస్తూ నిలబడుతుంది, గద్దకు కావలసింది అదే. అందుకే ఇలాంటి పిల్లలను ఆరుబయట వదిలిన మొదటి వారంలో కాకులకూ గద్దలకూ పోయేవే ఎక్కువ. పైన పాత చేపల వల కట్టడం, లేదా మల్లె, మునగ, అరటి లాంటి నీడ ఉన్న వైపే వదలడం తప్పనిసరి.

మట్టి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ పిల్లలు చచ్చేది ఇక్కడే, కారణం కంటికి కనపడదు కాబట్టి నింద మరెక్కడో పడుతుంది. రక్తపారుడు తెచ్చే కాక్సిడియా అనే పరాన్నజీవి దాదాపు ప్రతి పెరటిలోనూ ఉంటుంది. పెద్దకోళ్లు ఎప్పుడో తట్టుకుని నిలబడినవే, వాటికి ఏ లక్షణమూ ఉండదు. రెట్టలో మాత్రం దాని గుడ్లలాంటి కణాలు వదులుతూనే ఉంటాయి. ఆ కణాలు రెట్టలో పడగానే హాని చేయవు. తడి, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో రోగం తెచ్చే స్థితికి వస్తాయి. వానాకాలంలో నీళ్ల చిప్ప చుట్టూ చిత్తడిగా ఉండే ఆ మూరెడు నేలే వాటి అడ్డా. ఫినాయిలు చల్లితే చావవు, ఎండ తగిలి పొడిగా ఆరితే చస్తాయి.

తల్లితో తిరిగే పిల్ల మూడో రోజు నుంచే ఆ నేలను గీరుతుంది. రోజుకు కొన్ని కణాలు లోపలికి పోతాయి. పేగుకు కొద్దిపాటి గాయం, దానివెంటే కొద్దిపాటి రక్షణ. వారాల తరబడి ఈ తంతు సాగి, నెల తిరిగేసరికి పిల్లకు తట్టుకునే శక్తి వస్తుంది. బల్బు కింద పెరిగిన పిల్ల ఊక పరుపు మీద శుభ్రంగా పెరుగుతుంది. పైగా చిన్నపిల్లలకు పెట్టే కంపెనీ స్టార్టర్ మేతల్లో చాలావాటిలో కాక్సిడియా మందు కలిపే ఉంటుంది. నాలుగో వారం రాగానే ఆ మేత ఖరీదని మానేసి నూకలకు మార్చడం, అదే రోజు పెరట్లోకి వదిలేయడం మామూలుగా జరిగే పని. మందు ఆగిన రోజే మట్టి మొదలైంది, అదీ ఒక్కసారిగా పెద్ద మోతాదులో. దీనికి తోడు పెద్దకోళ్ల పోట్ల భయంతో పిల్లలన్నీ ఒక మూలన గుమిగూడి, తాము వేసిన రెట్ట మీదే నిలబడతాయి. పదో రోజు రెట్టలో నెత్తురు కనపడటంలో వింత ఏముంది? నెత్తురు కనపడగానే పశువైద్యుణ్ణి అడిగి నీళ్లలో ఆంప్రోలియం లాంటి మందు పెడితే చాలా పిల్లలు దక్కుతాయి. రెండు రోజులు చూద్దామనుకుంటే దక్కవు.

తల్లి ఉన్నంత మాత్రాన రోగం రాదని కాదు. గంప నెల రోజులు ఒకే చోట మూసి, కింద రెట్ట పేరుకుపోతే తల్లితో ఉన్న పిల్లలు కూడా పోతాయి. రోజుకో చోట గంప మార్చే పాత అలవాటుకు అర్థం ఇదే.

ఇంత పని చేసే తల్లి పెరట్లోంచి ఎందుకు మాయమైందంటే, లెక్క చూడాలి. నాటుపెట్ట మూడు వారాలు గుడ్లు పెడుతుంది, పన్నెండో పదిహేనో. మూడు వారాలు పొదుగుతుంది, 21 రోజులకు పిల్లలు. ఎనిమిది వారాలు పిల్లలను తిప్పుతుంది. మొత్తం పద్నాలుగు వారాలు. ఏడాదిలో అలాంటి ఆవృత్తులు నాలుగు కూడా నిండవు, కాబట్టి గుడ్లు 50–60 దగ్గర ఆగిపోతాయి. గుడ్లు పెరగాలంటే పొదిగే గుణం పోవాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి, అక్కడే ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం తెచ్చిన రాజశ్రీ అనే కోళ్ల రకాలు పెరటిలో తిరిగి బతుకుతూనే నాటుకోడి కన్నా చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి, బరువు తూగుతాయి. కానీ పొదగడం మీద వాటికి ఆసక్తి లేదు. అందువల్ల పిల్లలు ఎప్పుడూ యంత్రాల్లో గుడ్లు పొదిగించే హేచరీ నుంచే రావాలి. పథకాల్లో ఒక్కరోజు వయసు పిల్లలను మదర్ యూనిట్లనే పెంపక కేంద్రాల్లో నాలుగు వారాలు పెంచి ఇళ్లకు ఇస్తారు. చలికి చచ్చే వయసు దాటించడం వాళ్ల ఉద్దేశం, అది మంచిదే. కానీ రక్తపారుడుకు, పోట్లకు అన్నిటికన్నా తేలిగ్గా లొంగే వయసులో పిల్ల ఇంటి గుమ్మం దిగుతోంది. పెట్టెతో పాటు ఈ సంగతి కూడా చెప్పి పంపితే సగం పిల్లలు అదనంగా బతుకుతాయేమో అనిపిస్తుంది.

ఉన్నవాటిలో మేలైన దారి, పెరట్లో నాటుపెట్ట గానీ పందెం జాతి అసీలు పెట్ట గానీ ఉంటే, తల్లిని అరువు తెచ్చుకోవడం. గూడు వదలకుండా రెండు మూడు వారాలుగా పొదుగు మీద కూర్చున్న పెట్ట కింద రాత్రి చీకట్లో హేచరీ నుంచి తెచ్చిన ఒక్కరోజు వయసు పిల్లలను ఒక్కొక్కటిగా రెక్క కిందికి జార్చి, కింద ఉన్న గుడ్లు తీసేయాలి. తెల్లవారుజామున తప్పకుండా చూడాలి. పెట్ట గొంతు మార్చి కొక్‌కొక్‌మంటుంటే ఒప్పుకున్నట్టే, పొడుస్తుంటే వెంటనే పిల్లలను తీసేయాలి. పిల్లల వయసు ఒకటి రెండు రోజులు దాటకూడదు. దాటితే పెట్ట ఒప్పుకున్నా పిల్లలు దాని వెంట నడవవు. వారం రోజులు బల్బును చూసిన పిల్లకు పెట్ట రెక్క కిందికి దూరాలని తోచదు. ఒక పెట్ట పన్నెండు, మహా అయితే పదిహేను పిల్లలను కప్పగలదు. అసీలు పెట్ట అయితే గద్దను కూడా ఎదిరిస్తుంది, తల్లిగా దానికి సాటి లేదు. పిల్లలు కూడా అసీలువే అయితే మాత్రం కొన్ని వారాలకే వాటిలో అవే కొట్లాటకు దిగుతాయి, అది వేరే తలనొప్పి.

పొదిగే పెట్ట లేనప్పుడు మిగిలేది బల్బే. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఇప్పుడు కొత్తగా ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, దుకాణంలో దొరికే ఎల్‌ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, పిల్లలకు సరిపడే వేడి ఇవ్వదు. పాతరకం ఫిలమెంటు బల్బో, వేడి కోసమే చేసిన బల్బో వెతికి తేవాలి. ఇక మే నెలలో మన దగ్గర పగలు బల్బు వేస్తే పిల్లలు వేడికే చస్తాయి. కొలత పరికరం లేకపోయినా పిల్లలే చెబుతాయి: బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, నోరు తెరిచి అంచులకు పోతే వేడి, అంతటా చెదిరి తింటుంటే సరిగ్గా ఉన్నట్టు.

పెద్దకోళ్లకు పరిచయం మాత్రం తొందరగానే మొదలుపెట్టవచ్చు, వల అడ్డం పెట్టి. రెండో వారం దాటాక ఎండ ఉన్న పూట పిల్లలను ఓ గంట పెరటిలో పొడిగా ఉన్న చోట జాలీ పెట్టి వదిలితే, పెద్దకోళ్లు బయట నుంచి చూస్తాయి, పొడవలేవు. మట్టి అలవాటు కూడా ఇక్కడే మొదలవుతుంది. అయితే బయట నుంచి కొత్తగా తెచ్చిన పిల్లలైతే, ఇంటికి వచ్చాక మొదటి రెండు వారాలు ఈ పని కూడా వద్దు. వేరే చోట, వీలైతే ఇంటికి ఇంకో వైపున ఉంచి, ముందు పిల్లలకు మేత వేసి తర్వాతే పెద్దకోళ్ల దగ్గరికి వెళ్లాలి. రోగం రెండు వైపులా నడుస్తుంది. గురక రోగం వచ్చి తేరుకున్న పెద్దకోడి ఆ క్రిములను మోస్తూనే ఉంటుంది, కొత్త పిల్లలు కొక్కెర తెగులు (రాణిఖేత్) తేవచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎక్కడివో తెలియని కోళ్లను చవగ్గా కొని మందలో కలపడం ఎంత ప్రమాదమో అందరూ మాట్లాడుకున్నారు. సంత కోడి విషయంలో ఆ జాగ్రత్త ఏడాది పొడవునా వర్తిస్తుంది.

టీకాలు ఎక్కువమంది వదిలేసేవి. అయిదు నుంచి ఏడో రోజు మధ్య కంట్లోనో ముక్కులోనో కొక్కెర తెగులును ఆపే లసోటా చుక్క, పద్నాలుగో రోజు దగ్గర గంబోరో అనే రోగానికి టీకా, 28వ రోజు దగ్గర మళ్లీ లసోటా, ఎనిమిది వారాలకు అదే కొక్కెర తెగులుకు రెక్క కింద ఆర్‌ టూ బీ సూది, మధ్యలో కోళ్ల మశూచి టీకా. సీసా వందల మోతాదులకు వస్తుంది, ఇంట్లో పాతికే పిల్లలు, కలిపిన మందు రెండు గంటల్లో అయిపోవాలి. అందుకే ఇది ఒక్క ఇల్లు చేసే పని కాదు. వీధిలో నాలుగిళ్లు కలిసి ఒకే ఉదయం వేయించుకుంటేనే గిట్టుబాటు. మారెక్స్ అనే వైరస్ రోగానికి టీకా హేచరీలో మొదటి రోజే వేస్తారు, ఇంట్లో పొదిగించిన పిల్లలకు అది ఉండదు. పెద్దకోళ్ల ఈకల దుమ్ములోనే ఆ వైరస్ తిరుగుతుంది. తల్లి దగ్గర పెరగడంలో ఉన్న లోటు అంటే ఇదే.

కలిపే వయసు ఎనిమిది వారాలకు ముందు కాకుండా, పన్నెండు దాకా ఆగగలిగితే మరీ మంచిది. ఒంటరిగా ఒక్క పిల్లను ఎప్పుడూ వదలకూడదు, గుంపుగా వదిలితే పోట్లు పంచుకుంటాయి. రాత్రి దండెం మీద కూర్చోబెడితే తెల్లారేసరికి పెద్దకోళ్లు కొత్తదనం మరిచిపోతాయని ఒక నమ్మకం ఉంది. మరిచిపోవు. పొద్దున్న దిగగానే గుర్తుపడతాయి, కాకపోతే రాత్రి చీకట్లో గొడవ లేకుండా అన్నీ ఒకే వాసనలో నిద్రపోతాయి, అంతవరకు లాభం. అసలు ఉపయోగపడేది చోటు. మేత తొట్లు రెండు మూడు చోట్ల ఉండాలి, ఒక తొట్టి దగ్గర నిలబడితే మరో తొట్టి కనపడకూడదు. అడ్డంగా ఓ తాటాకు చాప ఆనించి పెట్టినా చాలు.

పిల్లలకు మేత దక్కాలంటే పాత గంపే మంచి సాధనం. గంపను బోర్లించి అంచు కింద మూడు వైపులా సగం ఇటుక ముక్కలు పెడితే నాలుగు వేళ్ల ఎత్తు సందు వస్తుంది. మేత పళ్లెం, గులకరాళ్లు వేసిన నీళ్ల మూకుడు లోపల పెట్టాలి. పిల్లలు వంగి దూరిపోతాయి, పెద్ద పెట్ట మెడ పెట్టి చూసి, గంప చుట్టూ రెండు సార్లు తిరిగి, విసుగేసి పోతుంది. మేత గంప అంచుకు దూరంగా, సరిగ్గా నడిమధ్యన ఉండాలి, లేకపోతే మెడ చాచి లాగేస్తుంది. పిల్లలు పెరిగేకొద్దీ ఇటుకను నిలువుగా తిప్పితే సందు పెరుగుతుంది. పోట్లు తప్పించుకోవడానికి పిల్లలు దూరే చోటు కూడా అదే అవుతుంది.

ఏం పెట్టాలన్నది మరో ముడి. గుడ్లు పెట్టే కోళ్ల మేతలో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటుంది, పిల్లకు ఒక శాతం చాలు. ఆ మేత వారాల తరబడి తిన్న పిల్లకు మూత్రపిండాలు దెబ్బతిని లోపల తెల్లటి సుద్దలాంటి పొర పేరుకుంటుంది. కాబట్టి కలిపి పెంచేటప్పుడు అందరికీ ఎదిగే కోళ్లకిచ్చే గ్రోవర్ మేత వేసి, పెట్టల కోసం ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టడం సుళువు. కావలసిన పెట్ట తింటుంది, పిల్ల దాని జోలికి పెద్దగా పోదు. కొన్న మేతే వాడని ఇళ్లలో చిక్కు దీనికి తలకిందులు: పిల్లలకు నూకలు తప్ప మరేమీ ఉండదు, మాంసకృత్తులు చాలక ఈకలు రాక ఎదుగుదల ఆగిపోతుంది. తల్లి ఉంటే మట్టి గీరి పురుగు తీసి పెట్టేది. లేదు కాబట్టి పాత కుండలో తడి గోనె ముక్క, పిడక ముక్కలు కూరి, చెదలున్న చోట రాత్రి బోర్లిస్తే పొద్దున్నకు పిల్లలకు కావలసినన్ని చెదలు చేరతాయి. వేరుశనగ చెక్క పొడి నూకల్లో కలిపినా ఫరవాలేదు, బూజు వాసన రాకుండా చూసుకుంటే.

గ్రోవర్ మేత ఎప్పుడు ఆపాలో చెప్పడానికి వారాలు లెక్కపెట్టే పని లేదు. ఎదిగే పెట్టల తురాయి పాలిపోయిన గులాబీ రంగు నుంచి ఎర్రబడటం మొదలై, అవి గూటి మూలల్లో దూరి చోటు వెతుక్కోవడం కనపడితే గుడ్ల మేతకు మారవచ్చు. ఆ రోజుల్లోనే మందలో మళ్లీ నాలుగు రోజులు పోట్లు మొదలవుతాయి, ఎందుకంటే గుడ్డుకు వచ్చిన పెట్ట అడుగు మెట్టు మీద నిలబడి ఉండదు. అప్పుడు అడ్డం వెళ్లకుండా వదిలేయడమే మంచిది, నెత్తురు కారితే తప్ప.